కేంద్రంలోని ముల్లు

చూచే కంటికీ చూడబడే వస్తువుకూ నడుమ వెలుగై నిలిచిన సవితృదేవునికి నమస్కారం. పలికే నోటికీ వినే చెవికీ నడుమ అర్థమై నిలిచిన వాగ్దేవికి నమస్కారం. శ్రీ విశ్వావసు నామ సంవత్సర మాఘ శుక్ల సప్తమి, ఆదివారం, రథసప్తమి. ఉదయం జిల్లేడాకులు తలపై ఉంచుకొని స్నానం చేసి, చిక్కుడాకులో పరమాన్నం నివేదించి, కావలిలోని మా ఇంటి వసారాలో కూర్చొని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. వచ్చే వారం గడిచినాక నా మిత్రునికి నెల్లూరులో కంటికి శస్త్రచికిత్స జరుగుతుంది. దాని ఫలితం తెలిసినాక రాస్తే నా కృతజ్ఞతలో సంతోషమో దుఃఖమో కలిసిపోతుంది. ఇప్పుడు రాస్తే అది కృతజ్ఞతగానే ఉంటుంది.

నేను ఈ ఊళ్లో తెలుగూ సంస్కృతమూ చెప్పి విశ్రాంతి పొందినవాణ్ణి. ఆయన లెక్కల మాస్టారు. ఒకే బడిలో, ఒకే గోడకు అటూ ఇటూ పాఠాలు చెప్పినాము. నా తరగతిలో పద్యం ఆగితే ఆయన తరగతిలో ఎక్కం వినపడేది. వారిది తెలుగు మాట్లాడే ముస్లిం కుటుంబం. తండ్రిగారు తక్కెడలూ తాళాలూ బాగుచేసేవారు. ఆయన నన్ను 'అయ్యవారూ' అంటారు, నేను 'మాస్టారూ' అంటాను. మా ఆవిడకు ఆయన వరుస కలుపుకున్న అన్న. నాకంటే ఆయన మాటకే ఆమె దగ్గర విలువ ఎక్కువ.

మాస్టారి జబ్బును మన వైపు నీటికాసులు అంటారు. కంటిలోపలి ఒత్తిడి పెరిగి, చూపు అంచుల నుండి హరించుకుపోతుంది. నడిమి చూపు చివరిదాకా మిగులుతుంది. ఎడమకన్ను ఇదివరకే ఆరిపోయింది. కుడికంటిలో ఒక చిన్న వృత్తం మాత్రం మిగిలింది. అందులో ఒకసారికి ఒక మాట పడుతుంది, పెద్ద మాటైతే సగమే పడుతుంది. ఈ సంగతి నాకు చెప్పిన రోజున ఆయన నా మొగం వైపు కాసేపు చూసి, "మీ ముక్కు కనపడతా ఉండాది అయ్యవారూ, చెవులే లేవు" అన్నారు. నవ్వాలో వద్దో తెలియక నేను నవ్వినాను.

ఆపరేషను చేస్తే ఉన్న చూపు నిలబడే అవకాశం ఎక్కువని డాక్టరుగారు చెప్పినారు. ఇంత ముదిరిన కంటికి, అరుదుగానైనా, ఉన్నది కూడా పోవచ్చునని దాచకుండా చెప్పినారు. చెయ్యకపోతే పోవడం ఖాయం. మాస్టారి కోరిక ఒకటే, అది నాకు ఆలస్యంగా తెలిసింది. కత్తి కంటిని తాకకముందు తాను రాసిన చిన్న పుస్తకాన్ని అచ్చులో, తన కంటితో, తానే చదువుకోవాలి.

ఆ పుస్తకం బడిపిల్లల కోసం రాసినది. లెక్కల పాఠంలో వచ్చే మాటలు ఎక్కడ పుట్టి, ఏ దారిన నడిచి మన దాకా వచ్చినవో చెబుతుంది. పుటకొక మాట. చాలా ఏళ్లుగా నిఘంటువుల్లో వెతికి, తెలిసినవారిని అడిగి, సరిచూసుకొని కూర్చినారు. అచ్చుకు పోకముందు తెలుగు తప్పులు చూసిపెట్టమని నన్ను అడిగినారు. కార్తికమాసమంతా మధ్యాహ్నాలు ఇదే మా పని. ఈ వసారాలో నేను చదివేవాణ్ణి, ఆయన కళ్లు మూసుకొని వినేవారు. మా ఆవిడ పక్కన కూర్చొని మనవరాలి పావడాకు పూలు కుట్టుకునేది.

'కేంద్రం' అన్న పుట వచ్చింది. మొదటి వాక్యం, 'ఈ మాట గ్రీకుల ఇంట పుట్టింది' అని. నేను అక్కడే ఆగినాను.

"మాస్టారూ, ఇది దిద్దాలి. కేంద్రం సంస్కృతం."

"చదవండి అయ్యవారూ. పుట చివరిదాకా పోయినాక కోప్పడుదురుగాని."

చదివినాను. గ్రీకులో కెంట్రాన్ అంటే గుచ్చే మొన. ఎద్దును పొడిచి అదిలించే ములుకోలకు ఆ పేరు, కందిరీగ కొండికీ ఆ పేరు. వృత్తం గీసే పనిముట్టుకు రెండు కాళ్లు ఉంటాయి. ఒకటి తిరుగుతుంది, ఒకటి గుచ్చుకొని నిలుస్తుంది. ఆ నిలిచే కాలి మొననూ, తరువాత అది గుచ్చిన చోటునూ గ్రీకులు ఆ మాటతోనే పిలిచినారు. రోమనులు దాన్ని సెంట్రుం చేసుకున్నారు. వారి నుండి ఇటలీవారి నోట చెంత్రో అయింది, స్పెయిన్‌వారి నోట థెంత్రో, జర్మనుల నోట త్సెంట్రుమ్. ఫ్రెంచివారు సాంత్ర్ అంటూ చివరి అక్షరాన్ని గొంతులోనే దాచుకున్నారు. ఇంగ్లీషువారు సెంటర్ అంటారు, సముద్రానికి అటువైపు ఒక విధంగా, ఇటువైపు ఒక విధంగా రాస్తారు. ఇంతమంది చేతులు మారేసరికి ముల్లు అరిగిపోయింది, చుక్క మిగిలింది. ఇటలీలో ఊరి మొగదల ఆ మాట రాసిన పలక కనపడితే ఊరి నడిబొడ్డుకు దారి అని అర్థం. ఎవరూ దాన్ని చూసి కాలు వెనక్కి తీసుకోరు.

"గ్రీకువాళ్లు మాత్రం ఆ గుచ్చే గుణాన్ని వదులుకోలేదు" అన్నారు మాస్టారు కళ్లు తెరవకుండానే. "ఇప్పటికీ సూదితో పూలు కుట్టే పనికి వాళ్ల మాట కెందిమా. ఆ వేరు నుండి వచ్చిందే. చెల్లెమ్మ చేతిలో ఉండేదీ అదే."

మా ఆవిడ సూది ఎత్తి చూసింది. "ఇన్నాళ్లూ నేను గ్రీకు కుడతా ఉండానని ఒక్కరూ చెప్పలేదే అన్నా."

"ఇంగ్లీషులో ఎక్సెంట్రిక్ అని ఒకటుంది చెల్లెమ్మా. కేంద్రం తప్పిన వృత్తానికి పుట్టిన మాట. ఇప్పుడు తిక్కమనిషికి వాడుతుండారు."

"అది మీ ఇద్దరికీ చాలు. మీరు కొత్తది వెతకాల్సిన పన్లేదు."

నేను నవ్వలేదు. చిన్ననాటి నుండి జాతకచక్రాల్లో, శాస్త్రశ్లోకాల్లో, నా పాఠాల్లో ఇంటిమాటగా పలికినదాన్ని ఎవరో పరాయివారి సొత్తు అంటే మనసు ఒప్పుకోలేదు. "వ్యుత్పత్తి చెబుతాను వినండి" అన్నాను. "'క' అంటే నీరు. ఇంద్రుడంటే ప్రభువు. గుణసంధి. కేంద్రుడు, అంటే జలాధిపతి. సముద్రం చుట్టూ తిరిగే లోకానికి నడిమి ప్రభువు. అక్కడి నుండి నడిమిచోటు అన్న అర్థం వచ్చింది."

మాస్టారు కళ్లు తెరిచినారు. "అట్లయితే బంగాళాఖాతంలో వాయుగుండం కేంద్రీకృతమై ఉందని రేడియోలో చెప్పినప్పుడల్లా మిమ్మల్నే సమర్థిస్తుండారు."

"నీళ్లకు ప్రభువా" అన్నది మా ఆవిడ. "ఆయన్ను రెండు రోజులు మన కుళాయి దగ్గర కూర్చోబెట్టండి."

నాకు పట్టుదల పెరిగింది. ఆ వాక్యం మార్చనిదే ఆ పుట బాగుందని అనలేనని చెప్పినాను. ఆయన కొంచెం కూడా నొచ్చుకోకుండా, "మీరు ఒప్పుకోకుండా ఆ పుట అచ్చుకు పోదు అయ్యవారూ. మీకు నమ్మకం కుదిరినప్పుడే పోతుంది. తొందరేముంది?" అన్నారు. నేను ఆ మాటను నమ్మినాను.

ఆ తరువాత మార్గశిరమంతా నేను ధాతువు కోసం వెతికినాను. నీటిప్రభువు వ్యుత్పత్తి సరదాకు చెప్పినదే, నిలబడదని నాకూ తెలుసు. వ్యాకరణంలో ప్రతి మాటకూ ఒక వేరు ఉంటుందని, దొరకకపోతే వెతకడంలో లోపమేనని నాకు నేర్పినారు. ఉన్న గ్రంథాలన్నీ దించినాను. ప్రత్యయాలు ఒక్కొక్కటే తగిలించి చూసినాను. కొన్నిచోట్ల ధ్వని కుదిరితే అర్థం పారిపోయింది, అర్థం దగ్గరికి వస్తే ధ్వని మొండికేసింది. జ్యోతిషంలోనూ గణితంలోనూ తప్ప ప్రాచీనమైన మరే వాఙ్మయంలోనూ ఆ మాట నాకు తగలలేదు. కేంద్రం సంస్కృతమనే పెద్దింట్లో తన వేరంటూ లేకుండానే వాడుకలో ఉన్నది. దత్తత వచ్చిన బిడ్డలాగ ఉన్నది. ఆ పోలిక తోచినప్పుడు కూడా పుస్తకం మూసి, రేపు చూద్దాంలే అనుకున్నాను.

పుష్యమాసం మొదట్లో ఒక ఉదయం మా ఆవిడ కూరగాయలకు పోయి వట్టి సంచితో తిరిగి వచ్చింది. సంచి గోడకు తగిలించి నా ఎదురుగా నిలబడింది.

"అన్న ఆపరేషను అయిపోయుండాల. తెలుసునా మీకు?"

"ఎప్పుడు?"

"పోయిన నెలాఖరుకు. వదిన సంతలో కనపడి చెప్పింది. రోజు ఇచ్చినారంట, అన్న పోలేదంట. పుస్తకం చేతికి రాకుండా నేను రాను అని డాక్టరుకే చెప్పినాడంట. పుస్తకం ఎందుకు రాలేదో మీకు నేను చెప్పాల్నా?"

చెప్పనక్కరలేదు. తొందరేముంది అన్న ఆయన మాట అప్పుడు నాకు వేరే విధంగా వినిపించింది. ఆ కంటి వృత్తం రోజురోజుకూ చిన్నదవుతుంటే, ఒక్క పుట కోసం, అందులోనూ నా నమ్మకం కోసం, ఆయన వేచి ఉన్నారు. వెంటనే చెప్పులు తొడుక్కొని బయలుదేరబోయినాను. మా ఆవిడ అడ్డం వచ్చింది.

"ఒప్పుకున్నానని చెప్పేదానికి పోతుండారా? ఒప్పుకోకుండా ఒప్పుకున్నానంటే అన్న మీ గొంతు వినే పట్టేస్తాడు. ముందు కూర్చొని ఆపరేషనుకు మంచిరోజు చూడండి. డాక్టరు మళ్లా ఇచ్చిన రోజులు వదిన చెప్పింది."

"మాస్టారికి ముహూర్తమెందుకే? వాళ్ల ఇంట్లో చూసుకోరు."

"ఆయనకు కాదు, నాకు."

పంచాంగం తీసి కూర్చున్నాను. డాక్టరుగారు ఇచ్చిన రోజుల్లో మాఘ బహుళ విదియ నాకు బాగా కనిపించింది. మంగళవారమని మా ఆవిడ నొసలు ముడిచింది. శస్త్రకర్మకు కుజుడే అధిపతి అని సమాధానపరచి లగ్నం కట్టినాను. లగ్నం నుండి ఒకటి, నాలుగు, ఏడు, పది స్థానాలను కేంద్రాలంటారు. శుభగ్రహం అక్కడ ఉంటే బలం. చక్రం గీసి, అలవాటు చొప్పున, బాల్యంలో గురువుగారి ముందు వల్లించినట్టుగా ఆ స్థానాల పేర్లు పైకి అనుకున్నాను: కంటకం, కేంద్రం, చతుష్టయం.

అని ఆగిపోయినాను.

ఈ మూడూ ఒకే స్థానాలకు పర్యాయపదాలు. చతుష్టయం అన్నది నాలుగు గనుక. కంటకమంటే ముల్లు. శుభగ్రహానికి పీట వేసే చోటును ముల్లు అని ఎందుకన్నారు? నేను వల్లించినాను, నా విద్యార్థులచేత వల్లింపజేసినాను, ఒక్కరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు మాస్టారి పుట పక్కన పెట్టుకుంటే ఆ పేరు దానంతట అదే విచ్చుకుంది. యవనుల, అంటే గ్రీకుల, మాట ఈ దేశానికి వచ్చినప్పుడు మన జ్యోతిషులు దాన్ని పలికిన తీరులో కేంద్రమని నిలుపుకున్నారు. దాని అర్థం అడిగి తెలుసుకున్నవారెవరో కంటకమని తమ భాషలోనూ చెప్పిపెట్టినారు. అర్థమే చెప్పినారో, ధ్వని దగ్గరగా ఉందని ముచ్చటపడినారో నేను నిర్ణయించలేను. రెండూ జరిగి ఉండవచ్చు. కాని యూరపు దేశాల నోళ్లలో అరిగిపోయిన ముల్లు మన శాస్త్రంలో అరగకుండా ఉన్నది. నేను రోజూ దాన్ని పట్టుకొనే ఉన్నాను.

మాస్టారి ఇంటికి పోయేసరికి ఆయన వాకిట్లో ఎండకు కూర్చొని ఉన్నారు. మా ఆవిడ కూడా వచ్చింది. నేను కూర్చోకముందే కంటకం సంగతి చెప్పినాను. ఆయన లేచి నిలబడినారు. "ఇంకోసారి చెప్పండి" అన్నారు. చెప్పినాను. మూడు పేర్లనూ తాను కూడా పలికి చూసుకున్నారు, పిల్లవాడు ఎక్కం అప్పగించినట్టు.

"ఇది నాకు ఎక్కడా దొరకలేదు అయ్యవారూ. నా పుటకు వేరు మీ దగ్గర పెట్టుకొని నన్ను నెలరోజులు తిప్పినారే."

"నేనే తిరిగినాను మాస్టారూ. మీరు నిలబడి ఉన్నారు."

ఆయన నవ్వినారు. "మాలో నడిమిచోటును మర్కజ్ అంటాము. మసీదులో వింటూనే పెరిగినాను. దాని మొదలు ఏందో ఈ పుస్తకం రాసేటప్పుడు చూసినాను. అరబీలో రకజ అంటే ఈటెను నేలలో పాతడం. ఆ పాతిన చోటు మర్కజ్. వాళ్లకూ వీళ్లకూ ఎవరు చెప్పినారో మరి, నడుమ అనేసరికి అందరూ ఒక మొన తెచ్చి గుచ్చినారు."

మా ఆవిడ పుట్టిల్లు కొడవలూరు వైపు. ఆమె అన్నది, "కళ్లంలో గుంజ పాతేవాళ్లం గదా." వరికుప్ప నూర్చేటప్పుడు కళ్లం నడుమ గుంజ నాటి, దానికి ఎద్దులను వరుసగా కట్టి చుట్టూ తిప్పేవారు. పెళ్లైన కొత్తలో నేనూ చూసినాను. ఆ గుంజకు సంస్కృతంలో మేధి అని పేరు. గుంజ నడుమ ఉండేది, వెనుక నడిచే మనిషి చేతిలో ములుకోల ఉండేది. గ్రీకు మాట మొదటి అర్థమూ చివరి అర్థమూ మా మామగారి కళ్లంలో ఏకకాలంలో తిరిగినవి. ఇప్పుడు యంత్రాలు కోసి నూర్చి పోతున్నాయి, ఎద్దులూ లేవు, గుంజా లేదు. వడ్లు మాత్రం కొనుగోలు కేంద్రానికి పోతున్నాయి.

"కేంద్రమే గాదు" అన్నారు మాస్టారు. "బస్సు దిగి ఏ సెంటరు అని అడుగుతాము. అవ్వ ఒకతే అయ్యవారూ. ఒక మనవరాలు జ్యోతిషులతో నడుచుకుంటా వచ్చింది, ఇంకొకతి ఇంగ్లీషువాళ్ల వెంట ఓడెక్కి వచ్చింది. ఇద్దరూ కావలి నడిబజారులో ఎదురైనా పలకరించుకోలేదు."

కంటకం మాట పుటలో చేర్చాలన్నారు. చేరిస్తే పుట పొంగిపోతుంది, ఏదో ఒకటి తీయాలి. అప్పుడు బయటపడింది, ఆయన నా జలాధిపతి వ్యుత్పత్తిని కూడా పుట చివర ఎక్కించి ఉన్నారు. 'కొందరు పెద్దలు దీన్ని నీటిప్రభువు అని కూడా అంటారు' అని.

"అది తీసెయ్యండి" అన్నాను.

"అది తియ్యను. పిల్లలు ఒకచోటన్నా నవ్వాల."

ఇటలీవారి పలక తీసినాము.

పుస్తకం పుష్య బహుళంలో అచ్చై వచ్చింది. కట్ట విప్పి మొదటి ప్రతి ఆయన చేతికిచ్చి నేను చదవబోతే వద్దన్నారు. ఆ పుట తానే తీసినారు. మనం కన్ను తిప్పి చదువుతాము. ఆయన కంటిని కదలనీయకుండా పుస్తకాన్ని కదిపి చదివినారు. ఒక్కొక్క మాటను ఆ వృత్తంలోకి తెచ్చుకొని, చూసుకొని, పంపించి, తరువాతి దాన్ని తెచ్చుకున్నారు. కంటకం అన్నచోట ఆగి, తల ఎత్తకుండానే నా చెయ్యి తడిమి పట్టుకున్నారు. నీటిప్రభువు దగ్గర నవ్వినారు. పుట పూర్తయ్యేసరికి మా ఆవిడ పెట్టిన కాఫీ చల్లారిపోయింది. ఆమె తీసుకుపోయి వేడిచేసి తెచ్చింది.

ఇదీ నేను కృతజ్ఞత చెప్పుకోవలసిన సంగతి. ఎవరికి ముందు చెప్పాలో ఆలోచిస్తే పేర్లు తెలియనివారే ముందు వస్తున్నారు. తమ నేలమీద పుట్టని మాటను సిగ్గుపడకుండా తీసుకొని శాస్త్రం నడుమ కూర్చోబెట్టిన ఆ పూర్వజ్యోతిషులకు. దాని అర్థం కూడా పోగొట్టుకోకుండా కంటకమని పక్కనే పెట్టిన ఆ ఒక్కరికి. వివరించకుండానైనా నాచేత వల్లింపజేసిన గురువుగారికి. ఇక మాస్టారికి. తాను సరి అని తెలిసి ఉండీ, చూపు తరుగుతూ ఉండీ, ఎదుటివాడు తనంతట తాను నమ్మేదాకా నిలబడినారు. ఏకాగ్రత అన్న మాటను నేను ఎన్నోసార్లు విడదీసి చెప్పినాను, ఒకే మొన కలిగి ఉండడమని. ఆ మొన ఎట్లుంటుందో మాస్టారు వేచి ఉన్న తీరులో చూసినాను.

సూర్యుడు నడినెత్తికి వచ్చినాడు. ఇంతటితో ఆపుతాను.

మాఘ బహుళ తదియ, బుధవారం. నిన్న నెల్లూరులో ఆపరేషను జరిగింది. ఈ ఉదయం కట్టు విప్పినారు. ఉన్న చూపు ఉన్నది. మాస్టారు నా ముక్కు కనపడుతున్నదని చెప్పినారు.